పెట్టిన తప్పు, చేసిన తప్పు

నాకు ముక్కు మీద కోపం అని మావాళ్ళందరూ అంటారు. అననివ్వండి. బట్టలు కుట్టేదాన్ని, రోజంతా సూదితో పని. నోరు కాస్త వాడిగా ఉందంటే ఉండదా మరి? మా తమ్ముడు అలా కాదు, మెత్తటివాడు. చిన్నప్పుడు ఎవరైనా వాడి బంతి లాక్కుంటే నేను వెళ్ళి పోట్లాడి తెచ్చేదాన్ని. వాడు మాత్రం ఆ బంతి ఎంత దూరం పోయి పడిందో అడుగులు వేసి కొలుస్తూ ఉండేవాడు. అలాంటివాడు లెక్కల మాస్టారు కాక ఇంకేమవుతాడు?

మొదటి ఉద్యోగం మా వీధి చివర చిన్న బడిలో దొరికింది. అక్కడ వాడొక ఆట కనిపెట్టాడు. పాఠం చెబుతూ చెబుతూ బోర్డు మీద కావాలనే ఒక తప్పు పెట్టేవాడు. ఆ తప్పుకి దొంగ అని పేరు. పిల్లలు దొంగని పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళు బోర్డు దగ్గరికి వచ్చి మిగతా లెక్క తామే చేసి చూపించాలి. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే పిల్లలు కూడా కళ్ళల్లో వత్తులు వేసుకుని బోర్డు చూసేవాళ్ళు. ఒకరోజు క్లాసంతా కలిసి దొంగ దొంగ అని అరిస్తే పక్కింటి పెద్దాయన నిజమేననుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి నచ్చజెప్పి పంపేసరికి బడి గంట కొట్టేశారు.

ఈ ఆటలో నాకూ పని ఉండేది. సాయంత్రం నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే వాడు పలక పట్టుకుని వచ్చి గడప మీద కూర్చునేవాడు. మర్నాటి దొంగని ముందు నా మీద ప్రయోగించేవాడన్నమాట. చూడగానే దొరికిపోతే వాడు పెదవి విరిచి చెరిపేసేవాడు. ఎంతకీ దొరక్కపోయినా చెరిపేసేవాడు. నేను చదివింది పదో తరగతి. కాసేపు బుర్ర గోక్కుని, వాణ్ణి నాలుగు తిట్టి, అప్పుడు పట్టుకోగలిగితే అదే సరైన దొంగ. కాబట్టి ఏ రోజు ఏ లెక్కలో ఏం పెట్టబోతున్నాడో వాడి తర్వాత తెలిసింది నాకొక్కదానికే.

చిన్న బడిలో చిన్న తరగతులే ఉండేవి. వాడికి పెద్ద పిల్లలకి చెప్పాలని ఆశ. పెద్ద బడిలో ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాడు, రమ్మన్నారు. కొత్త చొక్కా నేనే కుట్టిచ్చాను. ఇంత ముచ్చటగా ఉన్నాడు, దిష్టి తగులుతుందేమో అని కూడా అనుకున్నాను.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. కొత్త మాస్టారు పాఠం చెబుతుంటే ప్రిన్సిపాల్ వచ్చి చివరి బెంచీలో కూర్చుని చూస్తారు. అడిగితే తప్ప పిల్లలు నోరు విప్పకూడదు. మావాడు అలవాటు ప్రకారం దొంగని పెట్టాడు. బ్రాకెట్ బయట ఉన్న మూడుతో లోపలి మొదటి అంకెని గుణించి, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు. ఎవరూ మాట్లాడలేదు. ఇంకాసేపు ఆగాడు. ముందు బెంచీ పిల్లలు నోటు పుస్తకాల్లో తప్పు సరిచేసి రాసుకుంటున్నారట, వీడికి కనిపిస్తోందట, అయినా ఒక్కరూ తల ఎత్తలేదు. చివరికి ప్రిన్సిపాల్ లేచి వచ్చి, వీడి చేతిలోంచి సుద్ద తీసుకుని, లెక్క సరిదిద్ది, మళ్ళీ సుద్ద వీడి చేతిలో పెట్టారు. కావాలనే పెట్టాను సార్ అని వీడు అంటే, ఆయన నవ్వి, అందరూ అలాగే అంటారు అన్నారట.

అంతే. వాణ్ణి పెద్ద క్లాసుల నుంచి తీసేసి ఎక్కాలు చెప్పే క్లాసులో వేశారు. తప్పుల సార్ అని పేరు పెట్టారు. పరీక్షలయ్యాక ఇక రానక్కర్లేదని చెప్పారు. పాత బడిలో వీడి చోటులోకి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు. వాడు ఇంటికొచ్చి ఆ కొత్త చొక్కా మడిచి బీరువాలో అడుగున పెట్టాడు. ఆ ప్రిన్సిపాల్ ఎదురుపడితే కత్తెర ఝళిపించి నాలుగు అడుగుదామనిపించింది. వాడు వద్దన్నాడు.

అమ్మానాన్నలు పోయాక మాకు పెద్దదిక్కు మావయ్య. ఆయన సరుకుల గోడౌన్‌లో పెద్ద గుమాస్తా. కబురు తెలియగానే వచ్చి కూర్చుని, తన కింద ఒక కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోమన్నాడు. మూటలు లెక్కపెట్టడమూ లెక్కలేగా అన్నాడు. తమ్ముడు కోచింగ్ పెడతానన్నాడు. సరే, సెలవులు అయిపోయేలోగా నీ కోచింగ్ నిలబడితే నీ ఇష్టం, లేకపోతే నా మాట వినాలి అన్నాడు మావయ్య. వాడు ఒప్పుకున్నాడు. గోడౌన్‌కి వెళ్తే వాడు మళ్ళీ సుద్ద పట్టుకోడని నాకు తెలుసు. వాడికీ తెలుసు.

మా ముందు గదే బడి అయింది. నా కుట్టు మిషను గది చివరికి జరిపి మధ్యలో పరదా కట్టుకున్నాను. గోడకి బోర్డు బిగించాం, కింద చాపలు పరిచాం. పాత బడి పిల్లలు కొందరు వచ్చారు. వాళ్ళలో కళ్ళద్దాల పిల్ల ఒకతి ఉంది. ఎదురు వీధి మందుల షాపాయన కూతురు. పిల్ల కాదు, పిడుగు. దొంగల్ని పట్టడంలో దాని తర్వాతే ఎవరైనా.

కానీ వాడు మునుపటి మనిషి కాడు. రాసిన ప్రతి లైనూ వెనక్కి వెళ్ళి చూసుకునేవాడు. సుద్ద గట్టిగా నొక్కి విరగ్గొట్టేవాడు. కిటికీ బయట ఎవరి నీడైనా కదిలితే మాట తడబడేది. సార్, దొంగేడి అని పిల్లలు అడిగితే వాడు వినిపించుకునేవాడు కాదు. ఆ చప్పటి పాఠం పరదా వెనక వింటూ నాకే ఆవలింతలు వచ్చేవి. పిల్లలు ఒక్కొక్కరే మానేయడం మొదలుపెట్టారు. నేనే వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి, మళ్ళీ పలక పట్టించాను.

ఆటతో పాటు పిల్లలూ తిరిగొచ్చారు. అది విని మందుల షాపాయన ఒకరోజు గుమ్మంలోకి వచ్చాడు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ మీ సంగతి నన్నే అడుగుతున్నారు, రేపు ఒకసారి పాఠం చూసి వాళ్ళకి చెప్తాను అన్నాడు. ఆయన బాగుందంటే గది నిండుతుంది. బాగాలేదంటే గోడౌనే. ఆ సాయంత్రం పలక మీద వాడు రాసిన దొంగని పట్టుకోవడానికి నాకు సరిగ్గా కావలసినంత సేపు పట్టింది. రెండో లెక్కలో పెడతానన్నాడు. నాకు బాగా గుర్తు, రెండో లెక్క.

మర్నాడు ఆయన లోపలికి రాకుండా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు మొదటి లెక్క మొదలుపెట్టాడు. నేను పరదా సందులోంచి చూస్తున్నాను. వాడు ఏడుని ఎనిమిదితో గుణించి యాభై నాలుగు అని రాసి ముందుకి పోయాడు. నా కాలు మిషను మీద ఆగిపోయింది. ఒరేయ్, అది పెట్టింది కాదు, చేసింది! నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కళ్ళద్దాల పిల్ల చెయ్యెత్తింది. ఒకసారి కిటికీ వైపు చూసింది. తర్వాత లేచి నిలబడి గట్టిగా చెప్పింది.

"సార్, దొంగ దొరికాడు. ఏడెనిమిదులు యాభై ఆరు."

వాడు బోర్డు చూశాడు, పిల్లని చూశాడు, కిటికీ చూశాడు. తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"శభాష్. దొరికిపోయాడు. రా, మిగతాది నువ్వు చెయ్యి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. కిటికీ దగ్గర మందుల షాపాయన కూడా కొట్టాడు. భలే పద్ధతండీ అన్నాడు. రెండో లెక్కలో దొంగ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి వాడు సరైన జవాబే రాశాడు. ఆ సంగతి తెలిసింది ఈ లోకంలో మా ఇద్దరికే అనుకున్నాను.

వారం తిరక్కుండా గది నిండిపోయింది. చాపలు చాలక నా గుడ్డల బస్తాల మీద కూడా కూర్చున్నారు. మావయ్య వచ్చి చూసి, పరవాలేదురా అని వీపు తట్టి వెళ్ళాడు. నేను సంతోషించాలా వద్దా? సంతోషించాను, అబద్ధమెందుకు. తమ్ముడే సంతోషించలేదు. అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేవాడు. వంటింటి గడప మీదికి పలక పట్టుకుని రావడం మానేశాడు. పట్టలేక ఒకరోజు అడిగేశాను.

"ఏడెనిమిదుల గురించేనా? పోనీలేరా. ఎవరికి తెలుసు?"

"నీకు తెలుసుగా," అన్నాడు. కంచం పక్కకి జరిపి, "ఆ బడిలో నిజం చెప్తే ఎవరూ నమ్మలేదక్కా. ఇక్కడ అబద్ధం చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఇకమీదట నేను ఏ తప్పు చేసినా ఆటే అనుకుంటారు. నన్నెవరు పట్టుకుంటారు?" అన్నాడు.

పట్టుకోకపోతే పీడా పోయె అన్నాను. వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

రెండ్రోజులయ్యాక, పాఠం అయిపోయి అందరూ వెళ్తుంటే కళ్ళద్దాల పిల్లని ఆగమన్నాడు. ఆ రోజు నువ్వు పట్టుకున్నది నేను పెట్టిన దొంగ కాదమ్మా, నా తప్పే అని చెప్పాడు. అది ఆశ్చర్యపోతుందనుకున్నాం. అది సంచి భుజానికి తగిలించుకుంటూ మామూలుగా అంది:

"తెలుసు సార్. మీరు దొంగని పెట్టగానే మాకు కనబడాలని పక్కకి జరుగుతారు. ఆ రోజు జరగలేదు. నాన్న కిటికీ దగ్గరున్నారని దొంగ అన్నాను. లేకపోతే తప్పు అనేదాన్నే."

అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తమ్ముడు చాప మీద కూలబడ్డాడు. నేను పరదా తీసి వచ్చాను. ఎంత మంచి పిల్లరా, నిన్ను కాపాడింది అన్నాను. వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"నన్ను కాపాడ్డానికి అబద్ధమాడిందక్కా. అంత చిన్నపిల్ల. నేను శభాష్ అన్నాను."

మర్నాడు పొద్దున్నే మందుల షాపుకి బయల్దేరాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నీకేమైనా పిచ్చా, తినే కూటిలో మట్టి పోసుకుంటావా, నోరు మూసుకుని ఉండు అని కేకలేశాను. వాడు ఎప్పుడూ నాకు ఎదురు చెప్పినవాడు కాదు. ఆ రోజూ చెప్పలేదు. నా భుజాలు పట్టుకుని పక్కకి జరిపి వెళ్ళిపోయాడు.

నేనూ వెనకే వెళ్ళి షాపు పక్కన నిలబడ్డాను. మందుల కోసం వచ్చినవాళ్ళకి చిల్లరిస్తూనే ఆయన అంతా విన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే నాకు కాస్త తేలిగ్గా ఉండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మాత్రలు కవర్లో వేస్తూ, "మీరు లెక్క తప్పారని కాదు మాస్టారూ, మా పిల్ల ఇంట్లో నాకు కూడా చెప్పలేదు. అదే బాగాలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి కళ్ళద్దాల పిల్ల రాలేదు. అపార్ట్‌మెంట్ పిల్లల్లో చాలామంది రాలేదు. మాట ఎలా పాకిందో పాకింది. కొందరు తప్పుల సార్ అన్నారు, కొందరు అబద్ధాల సార్ అన్నారు. మావయ్య మళ్ళీ కబురు పంపాడు, కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని. నేను మిషను ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని ఏడుపు అది.

వాడు మాత్రం ఆ రోజు వంటింటి గడప మీదికి పలక పట్టుకుని వచ్చాడు. చాలా రోజులయింది కదా, నాకు చూపు కుదరడానికి కాస్త సమయం పట్టింది. పట్టుకున్నాను. వాడు తలూపి పలక పక్కన పెట్టాడు. మేమిద్దరం అన్నం తిన్నాం.

మర్నాడు చాపల మీద సగం చోటు ఖాళీ. కళ్ళద్దాల పిల్ల కూర్చునే చోటులో ఎవరూ కూర్చోలేదు. తమ్ముడు లెక్క మొదలుపెట్టాడు. మూడో లైనులో, పలక మీద నేను చూసిన చోటే, దొంగని పెట్టాడు. పిల్లలు చూశారు. చూశారని నాకు పరదా వెనక నుంచే తెలుస్తోంది. కానీ ఎవరూ అరవలేదు, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్ద బడిలో ఇలాగే మౌనంగా ఉన్నారేమో అనిపించింది.

ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకతి గోడ పక్కనుంచి మెల్లగా అడిగింది.

"సార్, ఇది మీరు పెట్టిందా, చేసిందా?"

వాడు ఆ పిల్ల వైపు తిరిగాడు.

"పెట్టిందే," అన్నాడు. "చేసిందైతే నేనే చెప్తాను."

అని, అందరికీ కనబడేలా బోర్డు పక్కకి జరిగి నిలబడ్డాడు.