ఎర్ర చుక్కల బోర్డులు

మా మావయ్య పోయాడని ఆసుపత్రి నుంచి ఆయన కొడుకు, అంటే మా ఆయన, ఫోను చేసినప్పుడు, మావయ్య చేస్తున్న సర్క్యూట్ బోర్డు ఇంట్లో కిటికీ దగ్గర బల్ల మీదే ఉంది. సగమే అయింది.

నేను ఏడో తరగతి వరకే చదివాను. నలుగురిలో నోరు తెరవలేను. అందుకే రాస్తున్నాను, కోపంతోనే రాస్తున్నాను.

మావయ్య శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేశాడు. ఎలుకలకు రేడియేషన్ కలిపిన మందు సూది వేసి, అది ఒంట్లో ఎక్కడికి చేరిందో ఫొటో తీసే యంత్రం అక్కడ ఉంది. ఎలుక ఒంట్లోంచి వచ్చే ఒక్కో కిరణం లోపలి పలకకు తగిలితే కంటికి ఆనని మెరుపు పుడుతుంది. ఆ మెరుపులను ఏరి కంప్యూటరుకు అందించే బోర్డులన్నీ, రంధ్రాల్లో చిన్న చిన్న ముక్కలు గుచ్చి సీసంతో అతికి, మావయ్య చేసినవే.

నా పెళ్ళయిన కొత్తలో ఒకసారి, ఫొటోలో ఎలుక లేని మూల కూడా తెల్ల మచ్చ పడింది. మందు తప్పన్నారు. ఎలుక కదిలిందన్నారు. మావయ్య బోర్డును ఇంటికి తెచ్చి రెండు రోజులు దాని మీదే వంగి కూర్చున్నాడు. టీ ఇవ్వడానికి వెళ్ళిన నేను, "ఈ అతుకొక్కటీ మసగ్గా ఉన్నాది మావయ్యా" అన్నాను.

ఆయన భూతద్దంలో చూశాడు. "ఓలమ్మో! అతుక్కున్నట్టు నటిస్తన్నాది సూడు, దొంగది!"

మళ్ళీ వేడి చేసి అతికాడు. మచ్చ పోయింది. "మా కోడలు పట్టింది సార్" అని అక్కడ చెప్పాడట. నవ్వారట.

అప్పటి నుంచి బోర్డులు ఇంటికే తెచ్చి ఆయన అతకడం, నేను చూడడం. బాగున్న ప్రతి అతుకు పక్కన నా గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టాలి. తొందరపడితే ఊరుకునేవాడు కాదు. "సూడకుండా సుక్క ఎడితే ఫొటో తప్పొత్తాది, ఆ ఎలక ఊరికే సచ్చినట్టే అమ్మీ."

అత్త గుమ్మంలోంచి దెప్పేది: "గోళ్ళకి రంగు నేదు గానీ, ఇనప ముక్కలకి సోకులు!"

"నీకూ ఓ సుక్క ఎట్టమంతావేటి?" అనేవాడు.

కాలేజీలో పెట్టిన సంతాప సభలో గోడ మీద ఆ యంత్రం ఫొటో, కింద దాన్ని తయారుచేసిన వాళ్ళంటూ నలుగురి పేర్లు ఉన్నాయి. మావయ్య పేరు లేదు. ప్రయోగశాల పెద్ద సారు లేచి, "చాలా నమ్మకమైన మనిషి. సామాన్లు మోసేవాడు, అడక్కుండానే టీ తెచ్చేవాడు" అన్నాడు. అందరూ తలలూపారు. అత్త నన్ను మోచేత్తో పొడిచింది. "సెప్పవే, నీకు తెలుసు గదా!"

నేను లేవలేదు. ఆ సారు మీద ఎంత మండుతోందో, నా మీద నాకూ అంతే మండుతోంది.

బయటికి వస్తుంటే ఆయనే దగ్గరికొచ్చాడు. "మీ ఇంట్లో ఒక బోర్డు ఉండాలమ్మా, పంపించండి."

"అది సగమే అయ్యింది సార్. ఎర్ర సుక్కలు పడందే మా ఇంటి నుంచి రాదు." అన్నాను.

"ఏం చుక్కలమ్మా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ యంత్రం మూత తీసి చూడలేదు!

బోర్డు పంపలేదు. కిటికీ దగ్గరే ఉంది. మావయ్య వేసిన చివరి అతుకును ఆయన పోయాక భూతద్దం పెట్టి చూశాను. ఎండలో తళుక్కుమంది. పక్కన ఎర్ర చుక్క పెట్టాను. ఆ తర్వాతవన్నీ ఖాళీ రంధ్రాలే.