మా అత్తగారి మోచేతి అబ్బాయి

మార్చి నెల వచ్చిందంటే నా ధ్యాసంతా బేస్‌బాల్ డ్రాఫ్ట్ మీదే ఉంటుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. కోస్తాలో పుట్టి, క్రికెట్ కూడా ఓపిగ్గా చూడని నాకు ఈ పిచ్చి అంటించింది కెనడాలో రెజైనా అనే ఊళ్ళోని మా తెలుగు చర్చి. దాన్ని ముదరబెట్టింది మా అత్తగారు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. టీవీలో నిజంగా ఆడే ఆటగాళ్ళనే మేం తలా కొందరిని పంచుకుంటాం. ఆ పంపకమే డ్రాఫ్ట్, పంచుకున్న మా గుంపే లీగు, ఎవరి వాటా వాళ్ళ టీము. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. ఆ తర్వాత వాళ్ళు మ్యాచుల్లో బాగా ఆడితే మనకి పాయింట్లు, ఆడకపోతే మన ఖర్మ. సీజన్ అయిపోయాక ప్రతి టీమూ ఒక్క ఆటగాణ్ణి మాత్రం వచ్చే ఏడాదికి అట్టే పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ఆఖరున వచ్చినవాళ్ళు క్రిస్మస్‌కి సంఘం మొత్తానికి బిర్యానీ వండాలి. ఈ చివరి రూలు మా సొంతం, ఏ యాప్‌లోనూ దొరకదు.

అత్తగారు చాలా ఏళ్ళ కిందట ఒక జనవరిలో వచ్చారు. నరసాపురం దగ్గర మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. మామగారు పోయాక, ఇంక మా దగ్గరే ఉండమని మా ఆయన పట్టుబట్టి తీసుకొచ్చారు. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ హాల్లో కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూసేవారు.

"మనుషులన్నవాళ్ళు ఏరీ అమ్మాయ్ ఈ ఊళ్ళో?"

"ఈ చలిలో మనుషులెందుకు తిరుగుతారండీ, పనిలేకా?" అన్నాను. నాకు ముక్కుమీద ఉంటుంది కోపం. ఆవిడకి నాలిక చివర ఉంటుంది. ఇద్దరం ఒక వంటగదిలో.

ఫిబ్రవరి కాకుండానే తీర్మానం చేసేశారు. "మంచు కరగ్గానే వెళ్ళిపోతాను. టికెట్ తియ్యి నాన్నా." మా ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన సంగతి అలా ఉంచండి, నాకే గుండెల్లో రాయి పడింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా వంటకి వంకపెట్టే ఇంకో ఆడగొంతు నా ఇంట్లో వినపడటం నా జన్మలో అదే మొదలు. పోట్లాడుతూనే ఆ గొంతుకి అలవాటుపడిపోయాను. కానీ "ఉండిపోండి అత్తయ్యగారూ" అని నోరు తెరిచి అడగడం నావల్ల కాలేదు. అడిగితే మాత్రం వింటారా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆ మార్చిలోనే, మా లీగులో టీమున్న ఒకాయనకి ఉద్యోగం ఓక్‌విల్‌కి మారింది. ఒక టీము ఖాళీ. లీగు నడిపేది ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటున్న వరంగల్ అమ్మాయి. క్లాసులు, డోనట్ షాపులో పార్ట్‌టైమ్, ఆదివారం మధ్యాహ్నం చర్చి, అదీ దాని లోకం. ఆ పిల్ల వచ్చి తిన్నగా మా అత్తగారినే అడిగింది.

"అమ్మమ్మా, ఒక టీం ఖాళీగున్నది. నువ్వు తీస్కోరాదు?"

"ఎన్నాళ్ళుంటుందే ఈ ఆట?"

"సెప్టెంబర్ ఆఖర్‌దాంక."

ఇంట్లో కిటికీ కన్నా నయమనుకున్నారేమో. "సరే. అయితే ఆట అయ్యాకే పోతాను," అన్నారు. మా ఆయన ఆ సాయంత్రమే అక్టోబర్‌కి టికెట్ బుక్ చేశారు. వేసవి మొత్తం మాకు దొరికిందని నేను లోపల్లోపల సంబరపడ్డాను.

డ్రాఫ్ట్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగింది. ఆరాధన, భోజనాలు అయ్యాక మడత కుర్చీలు గుండ్రంగా వేసి, ముందు ప్రార్థన చేసి, చీట్లు తీశాం. అత్తగారికి మొదటి వంతు వచ్చింది. అంటే మిగతావాళ్ళు అట్టే పెట్టుకున్నవాళ్ళు పోను ప్రపంచంలో ఏ ఆటగాడైనా ఆవిడదే. ఎవరైనా రోజూ ఆడే బ్యాటర్‌ని తీసుకుంటారు. ఆవిడ లాప్‌టాప్‌లో ఫొటోలన్నీ కళ్ళజోడు సవరించుకుని చూసి, బంతి విసిరే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు.

"అత్తయ్యగారూ, పిచ్చర్లు ఐదు రోజులకోసారే ఆడతారు!" అన్నాను.

"ఆడనీ. మొహంలో చదువుకునే పిల్లాడి కళ ఉంది. ఇకిలించడం లేదు."

అందరూ విరగబడి నవ్వారు. ఏప్రిల్‌లో ఆ కుర్రాడు బంతి వేస్తుంటే నవ్వులు ఆగిపోయాయి. అత్తగారి టీము పైపైకి పోయింది. ఆవిడ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వంటగదిలో హాజరు పిలిచేవారు. పేర్లు నోరు తిరక్క అందరికీ ఆవిడే పేర్లు పెట్టుకున్నారు. "గెడ్డపాయన? హాజరు. పొట్టోడు? హాజరు. బబుల్‌గమ్? వీడు నిన్న ఒక్కటీ కొట్టలేదు, బెంచీ ఎక్కు."

మేలో ఆ పిచ్చర్ మోచెయ్యి పట్టేసింది. ఆపరేషన్ అన్నారు. మళ్ళీ బంతి పట్టేది వచ్చే వేసవిలోనే అన్నారు. మా లీగులో గాయపడినవాళ్ళకి వేరే చోటు లేదు. ఉంచుకుంటే టీములో ఒక కుర్చీ దండగ. వరంగల్ పిల్ల ఫోన్ చేసింది. "ఆయినె ఈ ఏడు ఇగ ఆడడు అమ్మమ్మా. డ్రాప్ చేసెయ్, లేకుంటే లాస్ట్ వస్తవ్."

ఆ ఆదివారం ప్రార్థన అవసరతలు చెప్పే సమయంలో అత్తగారు లేచి నిలబడ్డారు. అయ్యబాబోయ్ అనుకునేలోపే ఆ కుర్రాడి పేరు చెప్పి, "మోచేతికి పెద్ద ఆపరేషన్ అయిందండి, దయచేసి జ్ఞాపకం చేసుకోండి," అన్నారు. పాస్టర్‌గారికి బేస్‌బాల్ తెలీదు. ఎవరో దగ్గర బంధువనుకుని, ఆ సహోదరుడి మోచెయ్యి ముట్టుమని కళ్ళు మూసుకుని చాలాసేపు కన్నీళ్ళతో ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. బయటికొస్తుంటే ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "మీ మరిదికా అమ్మా?" అని అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంతే, ఇంక ఆ కుర్రాణ్ణి తీసేసే ప్రసక్తే లేదు. "సంఘమంతా ప్రార్థన చేసిన మనిషిని మనమే బయటికి నెట్టేస్తామా? దేవుడి మీద నమ్మకం లేదని చెప్పడం కాదూ?" అన్నారు. మర్నాటి నుంచి హాజరు పిలుస్తూ మోచేతి అబ్బాయి దగ్గరికి రాగానే ఆగి, "సెలవు," అనేవారు.

ఆ వేసవి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. తూర్పు ఊళ్ళలో రాత్రి మ్యాచి మొదలైతే రెజైనాలో మాకింకా సాయంత్రం టీ వేళ. నేను ఆఫీసు నుంచి రాగానే ఇద్దరం సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. ఆవిడ బెండకాయలు తరుగుతూ అంపైర్‌ని తిట్టేవారు. "వాడికి కళ్ళజోడు రాయించండర్రా!" మా ఇద్దరి టీములూ తలపడిన వారమైతే ఇంట్లో కురుక్షేత్రమే. నేను గెలిస్తే కూరలో ఉప్పెక్కువైందనేవారు.

ఆగస్టుకి ఆవిడ టీము అడుగుకి జారిపోయింది. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "ఆ మోచేతి అబ్బాయిని వదిలెయ్యండీ బాబూ! ఆఖరున వస్తే క్రిస్మస్‌కి అంత మందికీ బిర్యానీ మీరే వండాలి, తెలుసా?"

ఆవిడ బెండకాయ తరుగుతూనే ఉన్నారు. "అప్పటికి నేనుంటే కదా," అన్నారు.

నేను చప్పున లేచి వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. నా ఏడుపు ఆవిడకి వినపడకూడదని.

సెప్టెంబర్ ఆఖరి ఆదివారం మళ్ళీ అదే బేస్‌మెంట్, అవే మడత కుర్చీలు. ఇంట్లో ఆవిడ సూట్‌కేసు సగం సర్దేసి ఉంది. నాకు అన్నం సయించలేదు. వరంగల్ పిల్ల ఫలితాలు చదివింది. అత్తగారే ఆఖరు. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. తర్వాత వచ్చే ఏడాదికి ఎవరు ఎవర్ని అట్టే పెట్టుకుంటారో ఒక్కొక్కరూ చెప్పారు. అత్తగారి వంతు వచ్చేసరికి ఆ పిల్ల ఇబ్బందిగా నిలబడింది.

"అమ్మమ్మా, నువ్వు పోతున్నవ్ గద. నీ టీం ఇంకెవలకన్న ఇయ్యాల్నా?"

"నేను చెప్పానా ఇమ్మని?" అన్నారు అత్తగారు, స్కూల్లో పిల్లల్ని గదమాయించినట్టు. "నా మోచేతి అబ్బాయిని అట్టే పెట్టు."

"ఆయినె వచ్చే ఎండకాలం దాంక ఆడనే ఆడడు అమ్మమ్మా!"

"తెలుసే. వచ్చే ఎండాకాలం దాకా కనిపెట్టుకుని ఉంటాను."

మా ఆయన చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. ఆవిడ నావైపు తిరిగారు. "అలా గుడ్లప్పగించి చూస్తావేంటి? క్రిస్మస్ బిర్యానీకి పెద్ద డేగిసా కావాలి. మనింట్లో ఉన్నవన్నీ బొమ్మల గిన్నెలే."

"కొందాం పదండి," అన్నాను. అని అందరి ముందూ భోరున ఏడ్చేశాను. ఆవిడ చెంగుతో నా మొహం తుడుస్తూ, "ఓడిపోయింది నేనైతే నువ్వేడుస్తావేంటే పిచ్చిదానా," అన్నారు.

మరుసటి వేసవిలో ఆ అబ్బాయి మళ్ళీ బంతి పట్టుకున్న సాయంత్రం అత్తగారు సోఫాలోంచి లేచి నిలబడి, టీవీకేసి చూస్తూ "హాజరు!" అని అరిచారు. ఆ తర్వాత కూడా చాలా మార్చి నెలలు మాతోనే ఉన్నారు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

వరంగల్ పిల్ల ఇప్పుడు బర్నబీలో ఉద్యోగం చేస్తూ అక్కణ్ణుంచే లీగు నడుపుతోంది. కిందటి చలికాలం అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ టీముని లీగువాళ్ళు నాకే అప్పగించారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వంటగదిలో నేనే హాజరు పిలుస్తున్నాను. మోచేతి అబ్బాయికి వయసు మళ్ళింది, అయినా వాణ్ణి తీసెయ్యలేదు. అందరి పేర్లూ అయిపోయాక "అత్తయ్యగారు?" అంటాను. కాస్త ఆగి, "సెలవు," అని నేనే చెప్పుకుంటాను.