చీకట్లో చుట్టిన రీలు

మా పెదనాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఊరందరి చూపూ సరిచేసిన మనిషికి, వయసు మళ్ళేసరికి తన చూపే అంచుల నుంచి మసకబారడం మొదలైంది. దీనికి వైద్యం లేదన్నారు. దుకాణం మానేశాడు, పేపరు చదవడం మానేశాడు. ఇంట్లో ఫోటో రీళ్ళు కడగడం మాత్రం మానలేదు.

దానికి కళ్ళతో పనేముంది అనేవాడు. నిజమే. స్నానాలగది తలుపు కింద తువ్వాలు కుక్కి, దీపం ఆర్పేసి, రీలును చక్రానికి చుట్టే పని ఎవరైనా తడుముకుంటూ చెయ్యాల్సిందే. అంచున ఉండే చిల్లులే ఆయన వేళ్ళకి దారి చెప్పేవి. చుట్టిన రీలును వెలుగు చొరని డబ్బాలో పెట్టి మూత బిగించాక, వంటగది కిటికీ దగ్గరికొచ్చి బొమ్మలు తేల్చే మందు పోసి, కూనిరాగం తీస్తూ ఊపేవాడు. పాట అయిపోతే మందు పారబోసే వేళయిందన్నమాట.

పెద్దమ్మకి ఈ వ్యవహారం మొదట్నుంచీ గిట్టేది కాదు. బకెట్లన్నీ మందు కంపు కొడుతున్నాయని సణిగేది. ఆయన చూపు తగ్గాక సణుగుడు ఆగిపోయింది. కడిగిన రీలును కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేయగానే, ఒక్కో బొమ్మలో ఏముందో ఆమే చెప్పేది.

ఆయన చప్పుడును బట్టి ఫోటోలు తీసేవాడు. గిన్నె మోగితే అటు, నవ్వు వినిపిస్తే ఇటు. తడి రీలు మీద అన్నీ తలకిందులే. తెల్లటి పగలు నల్లగా, నల్లటి గొడుగు తెల్లగా, మా వీధి మీద ఎవరో వెన్నెల పరిచినట్టుగా ఉండేది. పెద్దమ్మ తాపీగా చెబుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. వాళ్ళిద్దరూ ఏదో చెరువు అడుగున కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు అనిపించేది నాకు.

ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ చెప్తూ చెప్తూ ఆగిపోయింది. పాడయిందా అని అడిగాడాయన.

"లేదండీ. ఇందులో ఒకాయన ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడి డబ్బా ఊపుతున్నాడు."

"ఇది నేను తియ్యలేదే."

"నేనే తీశాను. పోయినసారి మీరు పాటలో ఉన్నప్పుడు."

రీలు కొసనుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. అద్దంలో తన మొహం తనకి కనబడక అప్పటికి చాలా కాలమైంది.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు నెమ్మదిగా.

"జుట్టంతా నల్లగా ఉంది. పెళ్ళినాటి కన్నా నల్లగా. గడ్డం మాత్రం గీసుకోవాలి."

పెదనాన్న గడ్డం తడుముకుని నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు ఆయన మొహం మీదే ఉండిపోయింది.

ఆ వారమే పెద్దమ్మ తనకీ రీలు చుట్టడం నేర్పమంది. ఇద్దరూ లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ఏమీ కనబడటం లేదని ఆమె కంగారుపడటం బయటికి వినిపించింది.

"చెయ్యిటివ్వు," అన్నాడాయన.

ఇప్పుడాయనకి వెలుతురు కూడా తెలియడం లేదు. ఫోటోలు పెద్దమ్మే తీస్తుంది. రీలు ఎవరు చుట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.