కదలకండిగారు వీధిన పడ్డారు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది. ఊరు దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. ముప్ఫైనాలుగేళ్ళు ఒకే గదిలో, ఒకే నీలం తెర ముందు, ఒకే స్టూలు మీద మనుషుల్ని కూర్చోబెట్టి "కదలకండి" అన్నందుకు ఆ మాటే పేరై అతుక్కుపోయింది. పాస్‌పోర్టుకి, వీసాకి, పరీక్ష ఫారానికి అంటించే ఫొటోలు ఆయన వృత్తి. రెండు చెవులూ కనపడాలి, పళ్ళు కనపడకూడదు. సగం ఊరిని విమానాలెక్కించిన ఘనత ఆయనది. తాను మాత్రం పొలిమేర దాటితే ఒట్టు.

ఫోన్లొచ్చి ఎవరి మొహం వాళ్ళే తీసుకోవడం మొదలయ్యాక స్టూడియో మూతపడింది. కదలకండిగారు ఇంటిమీద పడ్డారు. వంటింట్లో డబ్బాలన్నిటినీ ఒక్క వరసలో, మొహాలు ముందుకు తిప్పి నిలబెట్టారు. కూరలు తరుగుతున్న భార్యతో "తల కొంచెం ఎడమకి" అన్నారు. మూడోరోజుకి ఆవిడ కత్తి కింద పెట్టింది.

"ఏవండీ, ఈ ఇంట్లో మీరన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. కెమెరా ఉందిగా! వీధిలోకెళ్ళి ఎవరి తల కావాలంటే వాళ్ళది తిప్పుకోండి."

అలా ఆయన ఆదివారం నడక బృందంలో చేరారు. ఆయనతో కలిపి ఎనిమిదిమంది. వాళ్ళకి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. పొద్దున్నే కెమెరాలు మెడలో వేసుకుని వీధులన్నీ తిరుగుతారు. ఉన్నది ఒకటే చట్టం: ఫొటోలో పడే మనిషికి ఆ సంగతి తెలియకూడదు. ఏడాది చివర గ్రంథాలయం గోడకి తలా ఒక బొమ్మ తగిలిస్తారు. వరసగా రెండేళ్ళు బొమ్మ ఇవ్వలేనివాళ్ళు తప్పుకోవాలి.

మొదటి ఏడు ఆయన బొమ్మ లేదు. రెండో ఏడూ ముక్కాలు వంతు గడిచింది. పైకి చెప్పుకోలేదు గానీ, ఆదివారం నడకకి ఆయన శుక్రవారం నుంచే బూట్లు తుడుచుకునేవారు. స్టూడియో పోయాక "రండి మాస్టారూ" అని ఎదురొచ్చే చోటు అదొక్కటే మిగిలింది.

లోపం కెమెరాలో లేదు, చేతుల్లో ఉంది. మూలమీద చెప్పులు కుట్టే మనిషి తల వంచుకుని పనిలో మునిగి ఉంటాడు. వెలుగు బ్రహ్మాండంగా పడుతుంటుంది. కదలకండిగారు కన్ను ఆనిస్తారు. కాలర్ ఒకవైపు మడత పడి కనిపిస్తుంది. అంతే, ప్రాణం కొట్టుకుపోతుంది. నాలుగడుగులు ముందుకేసి కాలర్ సరిచేస్తారు.

"ఎవరండీ మీరు?" అంటాడతను బెదిరిపోయి.

"గడ్డం కొంచెం కిందికి. ఆఁ, అలా."

బొమ్మ చూసి పళ్ళ డాక్టరు నెత్తి పట్టుకునేవాడు. "మాస్టారూ, ఇతను చెప్పులు కుడుతున్నాడా, వీసాకి కూర్చున్నాడా?"

ఇంతలో పెద్దవాళ్ళని పది రోజులు పరాయిదేశం తిప్పి తెచ్చే యాత్ర ఒకటి బయల్దేరింది. "వెళ్ళండి, అక్కడ మీ భాష ఎవరికీ రాదు. నోరు కట్టేసినట్టుంటుంది, బొమ్మ దానంతటదే పడుతుంది" అని డాక్టరే పురమాయించాడు. తన వీసా ఫొటో కదలకండిగారు ఆరుసార్లు తీసుకున్నారు. ఐదింటిని ఆయనే తిరగ్గొట్టారు.

నోటికి భాష అడ్డొచ్చింది గానీ చేతులకి ఏ భాష అడ్డం? ఆ పరాయి ఊళ్ళో ఆయన చూపుడువేలు ఇలా పైకెత్తితే చాలు, పూలమ్మే ఆవిడ గడ్డం పైకెత్తింది. కాపలా పోలీసు టోపీ సర్దుకున్నాడు. ట్రామ్ ఎక్కాల్సినవాళ్ళు, ఇదేదో సర్కారువారి ఏర్పాటనుకున్నారో ఏమో, ఆయన ముందు బారు తీరారు. యాత్రకి వెంట వచ్చిన భార్య ఆ బారుని అచ్చ తెలుగులో అదిలించింది. "తోసుకోకండి నాయనా, అందరికీ తీస్తారు." ఒక్కడూ తోసుకోలేదు. ట్రామ్ మాత్రం ఖాళీగా వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజుకి కెమెరాలో నాలుగొందల మొహాలు చేరాయి, అన్నీ నిటారుగా. ఆ మధ్యాహ్నం సందు చివర మంగలి దుకాణం కనిపించింది. లోపల సగం గడ్డం గీయించుకున్న మనిషి, పక్కన బొజ్జ మంగలి. వేలు లేచింది. మంగలి బొజ్జ లోపలికి లాక్కుని కత్తిని రాజుగారి ఖడ్గంలా పట్టుకున్నాడు. నురగ మొహం మనిషి ఊపిరి బిగబట్టాడు. క్లిక్.

"అయిపోయింది" అన్నారు కదలకండిగారు, చెయ్యి ఊపి.

"మన బస్సు హారన్ కొడుతోంది, వస్తారా రారా!" అని వెనకనుంచి భార్య మోచెయ్యి లాగింది. ఆ కుదుపుకి వేలు కింద మీట ఇంకోసారి నొక్కుకుంది.

బసకి చేరి చూసుకుంటే, రెండో బొమ్మలో మంగలి బొజ్జ ధారాళంగా కిందికి దిగింది. నురగ మొహం మనిషి తుమ్మాడు. ఆ నురగ అద్దమంతా చిమ్మితే, మంగలి కత్తిని దూరంగా పట్టుకుని, తల అతని భుజమ్మీద వాల్చి పగలబడి నవ్వుతున్నాడు. ఇద్దరికీ లోకం పట్టలేదు.

కదలకండిగారు ఆ బొమ్మని పెద్దది చేసి చూసుకున్నారు. ముప్ఫైనాలుగేళ్ళు "అయిపోయింది" అన్న మరుక్షణమే స్టూలు మీద ఇలాంటి మొహాలే విచ్చుకున్నాయి. తాను మాత్రం ఫిల్ము తిప్పుకుంటూ కూర్చున్నారు.

మర్నాడు కావాలనే చేశారు. ఒకసారి క్లిక్ అనిపించడం, అయిపోయిందనడం, వాళ్ళు వదులయ్యాక మళ్ళీ నొక్కడం.

"అంటే మోసమన్నమాట" అంది భార్య.

"మోసమేంటే? మీ తమ్ముడు పెళ్ళిచూపుల్లో విగ్గు పెట్టుకున్నాడే, అదీ మోసమంటే."

తిరిగొచ్చాక మంగలి బొమ్మని బృందం ముందు పెట్టారు. ఏడు తలలూ వంగాయి. ఎవరో నవ్వారు. పళ్ళ డాక్టరు మాత్రం పెదవి విరిచాడు.

"బాగుంది. కాదనను. కానీ చట్టం ఉంది కదండీ. వీళ్ళకి మీరు తీస్తున్నట్టు తెలుసా, తెలియదా?"

తెలియదంటే గండం గట్టెక్కుతుంది. కదలకండిగారు గొంతు సవరించుకున్నారు.

"తెలుసండీ. నిలబెట్టిందే నేను. కాకపోతే, అయిపోయిందని తెలుసు."

డాక్టరు బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తన కుర్చీలో నోరు తెరుచుకుని ప్రాణాలు బిగబట్టినవాళ్ళు, "అయిపోయిందండీ" అనగానే ఎలా అవుతారో ఆయనకి గుర్తొచ్చినట్టుంది. "ఆ మొహాలు నేను రోజూ చూస్తాను. ఒక్కటీ తీసుకోలేదు" అని గొణిగి, ముందుగా తన చెయ్యే ఎత్తాడు. ఇద్దరు సాధింపుగాళ్ళు తప్ప అందరూ ఎత్తారు. బొమ్మ గోడకెక్కింది.

ఆ మరుసటి ఆదివారం చూడాలి వేడుక! ఏడుగురూ ఏడు వీధులకి పోయి, దారేపోయేవాళ్ళకి కెమెరా చూపించి "అయిపోయిందండీ" అనడమే. "ఏం అయిపోయింది?" అని జనం ఎదురడిగారు. ఒక ముసలాయన తన జేబు తడుముకున్నాడు. ముందు బిగుసుకున్నవాడే కదా తర్వాత సడలేది! వీళ్ళని చూసి బిగుసుకునేదెవరు?

తొమ్మిది గంటలకి డాక్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మాస్టారూ, మీరు ముందు నడవండి. మీరు బిగించండి, మేం వెనకనుంచి చూసుకుంటాం."

"దానికేం భాగ్యం!" అని కదలకండిగారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఎదురుగా మెట్లమీద, బుట్టలో తల దూర్చి బంగాళాదుంపలు ఏరుతోంది ఒక పెద్దావిడ. ఏడు కెమెరాలు ఆయన వీపు వెనక నక్కాయి.