మా నాన్నకు దక్కని సమాధి

మా నాన్న క్రైస్తవుడు. రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిగా ఇటలీలో చనిపోతే, వెంకటస్వామి అన్న పేరు చూసి సైన్యంవాళ్లు హిందువనుకుని దహనం చేసేశారు. సమాధుల పండుగకు సున్నం వేసుకోవడానికి మా అమ్మకు ఒక రాయైనా మిగల్చలేదు!

అక్కణ్ణుంచి ఇటలీ వెళ్లి ఆ చోటు చూడాలనే ఐర్లండ్‌లో నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వచ్చాను. ఇంతలో కరోనా వచ్చి వాళ్ల ఊరు నేవన్‌లోని ఇంట్లోనే బందీనయ్యాను. పండుగనాడు కోటు తొడుక్కుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరితే మనవరాలు తలుపుకు అడ్డం నిలబడింది.

"తాతా, గార్డ్స్ విల్ స్టాప్ యూ. సిట్ డౌన్, యూ ఆర్ గ్రాండ్ హియర్."

"ఇక్కడ హాయిగా ఉన్నానా? ఆపమను ఆ పోలీసులను! నన్నూ తగలబెడతారా ఏం?" అని అరిచాను.

ఆ పిల్ల ఇటలీలోని ఆ సైనిక శ్మశానానికి ఫోన్ కలిపి, నా గోడంతా చెప్పింది. కాపలాదారు వచ్చీరాని ఇంగ్లీషులో నాతో అన్నాడు:

"సమాధి లేదండీ, పేరు మాత్రం స్మారక గోడ మీదుంది. గేటుకు తాళం వేశారు గానీ నేను లోపలే ఉన్నాను. కొవ్వొత్తి వెలిగించమంటారా?"