పరగడుపు ప్రమాణం

అయుథ్యా నగరంలో కాలువ ఒడ్డున ఉన్న ఆ పెద్దింటి వంటగదికి ఫిన్ మహారాణి. పాలిచ్చే దాదిగా అడుగుపెట్టిన మనిషి, తన పాలు తాగిన క్లా పెరిగి సర్దారయ్యేదాకా అక్కడే పాతుకుపోయింది. ఇంటి ఇల్లాలు కూడా ఆమెను అడక్కుండా చేపల కుండ మూత తీసేది కాదు.

ఆ ఏడు ఈశాన్యపు ఊళ్ళు రాజు మీద తిరగబడ్డాయి. తిరగబడ్డవాళ్ళలో క్లా బావమరిది ఒకడు. అయినా అణచిరమ్మని రాజు క్లానే సేనాపతిని చేశాడు. పక్కన ఇంకొకణ్ణీ చేశాడు. మొదటివాడు తిరుగుబాటు మీదికి, రెండోవాడు మొదటివాడి మీదికి అని ఊరంతా గుసగుసలాడింది. ఊరిని అనడమెందుకు, ఫిన్ కూడా అలాగే అనుకుంది.

బయల్దేరే ముందు సేనాపతులు గుడిలో ఆయుధాలు ముంచిన నీళ్ళు తాగి రాజుకు ప్రమాణం చెయ్యాలి. అదీ పరగడుపున. మెతుకు తిని తాగితే ప్రమాణం అంటదు, తిన్నవాడు ద్రోహి కిందే లెక్క.

ఆ పొద్దున క్లా వంటగదిలోకి వచ్చాడు.

"అమ్మా, కడుపు మండిపోతోంది. ఒక్క ముద్ద పెట్టవే."

"నోర్ముయ్. ప్రమాణం నీళ్ళు తాగకుండా తింటావా? తలకాయ మెడ మీద ఉండాలని లేదా నీకు?"

"నువ్వు చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది?"

చద్దన్నం ముద్ద పెట్టింది. అడిగింది తన బిడ్డాయె.

గుడిలో ప్రమాణం ముగిసి సేన ఏనుగులు వీధి దాటాక ఫిన్‌ను పట్టుకుంది అనుమానం. వీడికి నిజంగానే ఆకలేసిందా? ప్రమాణం తనకు అంటకుండా చూసుకున్నాడా? వీడు బావమరిదితో కలిసిపోతే రాజు ఇక్కడ ఇంటిల్లిపాదినీ నరికిస్తాడు, చంటిపిల్లలతో సహా. పోనీ చెబుదామా అంటే ముద్ద పెట్టిన చెయ్యి తనదే.

మర్నాడే కోట నుంచి సిత్ అనే అధికారి తాంబూలం నములుతూ దిగాడు.

"ఏం ముసలమ్మా, నిన్న పొద్దున మీ దొర ఏం తిన్నాడు?"

"ఏం తింటాడు బాబూ, నా చేత తిట్లు తిన్నాడు."

"నిజం చెప్పు."

"పొయ్యే రాజెయ్యలేదు. నమ్మకపోతే మా పిల్లినడుగు."

సిత్ నవ్వాడు గానీ, పోతూ పోతూ కుండల మూతలన్నీ ఎత్తి చూశాడు. ఆనాటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. కోట పడవ కనబడితే వంటగది తలుపు మూసేసేది. కొడుకులాంటివాణ్ణి అనుమానించినందుకు తనను తానే తిట్టుకునేది, మళ్ళీ అనుమానించేది.

వానలు మొదలయ్యేసరికి క్లా గెలిచి వచ్చాడు. బావమరిది తలను తనే తెచ్చి రాజుకు అప్పగించాడట. పాపం, పిల్లాడిది ఒట్టి ఆకలే! ఫిన్ పొయ్యి ముందు కూలబడి తనివితీరా ఏడ్చి, లేచి అతనికి ఇష్టమైన చేపల పులుసు కాచి వడ్డించింది.

క్లా పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు.

"సిత్ వచ్చాడటగా?"

"వచ్చాడు. నేనేమీ చెప్పలేదు నాయనా. నీ మీదొట్టు."

"ఏమీ చెప్పకపోతే వాడు నిన్ను ఊరికే వదిలి పోయాడా?"

అతను పళ్ళెం మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"ముందు నువ్వు తిను."

అతని ముఖంలోకి చూస్తూనే ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో ఆమెకు తెలియలేదు.