వంతు జొన్నలు

మా మేనత్త పోయిన సంగతి నాకు మా అత్తగారి ఊరు ఇచ్చోడలో రోడ్డు మీద బస్సు కండక్టరు చెప్పాడు. నేను పుట్టిన వాడకట్టు పిల్లవాడే. బస్సు దిగి, టికెట్ల సంచి సర్దుకుంటూ, "అక్కా, మీ అత్తమ్మ రాత్రి పాణమిడిసింది. తిరుగు బస్సుకు రా, సీటు ఆపుత" అన్నాడు. నిర్మల్ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెల కిందట చూడ్డానికి పోయినప్పుడు "నాకేమైతది, నీ సంసారం చూస్కో పో" అని కసిరి పంపింది. అంత నిబ్బరంగా అబద్ధం చెప్పినందుకు ఆమె మీద కోపం. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

మాది కరీంనగర్ దిక్కు నేతవాళ్ల వాడకట్టు. అత్తమ్మ మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నోరు మంచిది కాదు. మాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి కూడా తిట్టేది. ఆ చెయ్యి మాత్రం తీసేది కాదు.

మా సంఘం ఇంట్లో పెద్ద వెదురు గుమ్మి ఉండేది. అంగడినాడు బట్ట అమ్ముకొచ్చిన ప్రతి ఇల్లూ అందులో సోలెడు జొన్నలు పోయాలి. మగ్గం ఆగిన ఇంటికి అందులోంచే కొలిచి ఇవ్వాలి. సంఘం ఇంటి తాళంచెవి అత్తమ్మ బొడ్లో ఉండేది. మొదట్లో అందరూ దాన్ని ధర్మం గుమ్మి అనేవాళ్లు. ఆ పేరే కొంప ముంచింది.

వాడకట్టు చివరింట్లో, నేను కాకా అని పిలిచే నేతగాడు ఒకాయన ఉండేవాడు. నూలు దొరక్క ఆయన మగ్గం ఆగింది. పొయ్యి వెలగడం లేదని తెలిసి అత్తమ్మ చాటలో జొన్నలు పోసుకుని పోయింది, నేనూ వెంట పోయాను. ఆయన గడపకు అడ్డం నిలబడ్డాడు.

"ధర్మం తినేటోళ్ల లెక్క కనవడ్తున్నమా అక్కా? తీస్కపో."

వెనక ఆయన భార్య, చంకలో పిల్ల. ఆ పిల్ల చూపంతా చాట మీదే ఉంది. ఎవరైనా ఒకటంటే నాలుగు తగిలించే అత్తమ్మ చాట ఎత్తుకుని వెనక్కి తిరిగింది. దారిలో నాతో అంది: "తప్పు ఆనిది కాదు బిడ్డా. మన నోట్లెనే ఉన్నది."

మరుసటి అంగడికి సంఘంలో తేల్చి చెప్పింది. ఇక మీదట ఎవరూ ధర్మం అనొద్దు, వంతు అనాలి. బాయి కాడ నీళ్లకు వంతు లేదా, అట్లనే జొన్నలకూ వంతు. ఒకనాడు పోసే వంతు, ఒకనాడు తీసుకునే వంతు. ఉన్నవాడైనా లేనివాడైనా ఏడాదికోసారి వచ్చి తన వంతు తీసుకుపోవాల్సిందే. నూలు సావుకారి జీతగాణ్ని పంపితే, "నీ వంతుకు జీతగాడెందుకు? నువ్వే రా" అని తిప్పి పంపింది. సావుకారి జరీ రుమాలు పరిచి వరసలో నిలబడ్డ రోజు వాడకట్టంతా ముసిముసిగా నవ్వుకుంది. చివరింటి కాక మాత్రం రాలేదు. రోడ్డుకు కంకర కొట్టే కూలికి పోయాడు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. నిజాం హాలీ సిక్కా పోయి, ఇండియా కల్దార్ రూపాయి వస్తున్న రోజులవి. చేతిలో ఉన్న పైకం రేపు చెల్లుతుందో లేదో, నూలు ఎంతకు వస్తుందో సావుకారికే తెలియదు. సగం మగ్గాలు ఆగిపోయాయి. కొందరు షోలాపూర్ పోయారు. కాలం బాగయ్యేదాకా గుమ్మి మూసేద్దామని సంఘం పెద్దలన్నారు. ముందు అన్నది మా బాపే.

"మనకే లేకపాయె అక్కా, ఇంకొగలకేం ఇస్తం?"

"అంత మంచిగున్నప్పుడు తెరిచేటందుకు గీ గుమ్మి ఎందుకురా? గిసొంటి దినం కోసమే గదా నింపింది."

అలాగని ఆవేశపడి ఉన్నదంతా పంచిపెట్టలేదు, అదీ ఆమె తెలివి. గుమ్మి లోపలి గోడకు సున్నంతో గీతలు గీయించింది. కొత్త జొన్న వచ్చేదాకా నెలకొక గీత. ఆ నెల గీత కిందికి గింజ దిగకూడదు. సోలెడు పోయలేని ఇల్లు గిద్దెడు పోయాలి, అదీ లేకపోతే పిడికెడు. "పోసుడు మాత్రం బందు కావద్దు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

అంత చేసినా గుమ్మిలో గింజ గీత దాకా కూడా దిగలేదు. పస్తులున్న ఇళ్లే రావడం లేదు. కాక రానిది మేమెందుకు పోవాలని వాళ్ల పట్టుదల. అత్తమ్మకు ఒళ్లు మండి చివరింటికి పోయి నిలదీసింది. కాక నెమ్మదిగా అడిగాడు:

"అందరికి వంతున్నదంటివి. నువ్వు ఎన్నడన్న తీస్కున్నవా అక్కా? నీ వంతేది?"

నిజమే, అన్నేళ్లూ అత్తమ్మ కొలిచి పోసిందే గాని ఒక్కనాడూ కొంగు పట్టలేదు. కొలిచేదానికి వంతెందుకని అనుకుంది. ధర్మమన్న మాటను వంతని మార్చింది గాని, తాను మారలేదు.

"నడువ్" అంది. ఆయన చెయ్యి పట్టుకుని సంఘం ఇంటికి లాక్కొచ్చి, సోల ఆయన చేతికిచ్చి గుమ్మి పక్కన నిలబెట్టింది. తాను ఇవతలికి వచ్చి, సావుకారి చూస్తుండగా, మా బాపు చూస్తుండగా కొంగు పరిచింది. కాక సగం సోలే పోశాడు.

"నిండుగ పొయ్యి. పీనాసోని లెక్క పోస్తున్నవ్."

అందరూ నవ్వారు. కాక కూడా నవ్వి, తువ్వాల తీసి, "ఇగ నాకు పొయ్యి" అన్నాడు. ఆ వారమంతా జనం వచ్చారు. కొత్త జొన్న వచ్చేనాటికి గుమ్మిలో ఇంకా గింజ ఉంది. మాకు దక్కింది ఆ గుమ్మి ఒక్కటే కాదు, ఒకరి ముఖం ఒకరం చూడగలిగాం. ఆమెకు నేనెంత రుణపడ్డానో ఆమె ఉండగా చెప్పనివ్వలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె పోయిన మూడోనాడు అంగడి. ఇప్పుడూ రోజులు బాగాలేవు. మిల్లు బట్ట ముందు మా చీర నిలవడం లేదు, పిల్లలు మరమగ్గాల కూలికి భీవండి పోతున్నారు. మైలలో ఉన్న ఇల్లు గుమ్మి ముట్టరాదు. "కొలిచేటోళ్లు లేరు. ఈ వారానికి బందు పెడదాం" అన్నాడు బాపు. నాకు అత్తమ్మ నోరే వచ్చింది. "బందు కావద్దు బాపూ" అని, తాళంచెవి మీద నీళ్లు చల్లి గడప అవతల పెట్టాను. ముసలి కాక వచ్చి తీసుకుని పోయాడు.

మా అరుగు మీద నుంచి సంఘం ఇల్లు కనిపిస్తుంది. కొలవడానికి ఎవరినీ నిలబెట్టలేదు వాళ్లు. వరసలో ముందున్న కాక తన వెనక మనిషికి కొలిచి సోల ఆ చేతికిచ్చాడు. ఆ మనిషి తన వెనకామెకు కొలిచింది. సోల అలా చేతులు మారుతూ చివరిదాకా పోయింది. చివర ఒక పడుచు పిల్ల, కొంగు నిండినాక, సోల పట్టుకుని ఎవరికి పోయాలా అని వెనక్కి తిరిగింది. అక్కడ కాక తువ్వాల పరిచి నిలబడి ఉన్నాడు.